లిఫ్టు కన్నా ముందు ఇంటిని కొలవండి: ఇంటి పార్కింగ్‌లో కారు లిఫ్టు గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్థలాన్ని అంకణాల లెక్కన కొనే మనకు ఇంటి ముందు ఒక్క కారు పట్టే చోటు మిగలడమే గొప్ప. అంతలో రెండో కారు వచ్చి చేరుతుంది. కొడుకు ఉద్యోగంలో చేరి కొన్నది కావచ్చు, యాత్రికులను కొండకు తీసుకెళ్లే ట్రావెల్స్ బండి కావచ్చు. వీధిలో పెడితే ఎదురింటివాళ్లతో మాటా మాటా పెరుగుతుంది, వేరే చోట పెడితే నెలనెలా అద్దె కట్టాలి. అప్పుడు నాకు ఫోను చేస్తారు. తిరుపతి, రేణిగుంట, చిత్తూరు చుట్టుపక్కల ఇళ్లలో కార్ల లిఫ్టులు బిగించడం పన్నెండేళ్లుగా నా వృత్తి. నాలుగు స్తంభాల మధ్య ప్లాట్‌ఫారం పైకి లేచి, కింద ఒక కారు, పైన ఒక కారు నిలిపే పార్కింగ్ లిఫ్టులే ఎక్కువగా బిగిస్తాను.

ఫోనులో అందరూ మొదట అడిగేది ధర. నేను మొదట అడిగేది ఇది: "మీ పార్కింగ్‌లో నేల నుంచి దూలం అడుగు భాగం దాకా ఎంత ఎత్తు ఉంది?" వెంటనే జవాబు చెప్పగలిగినవాళ్లు చాలా తక్కువ. లిఫ్టు పడుతుందా లేదా అన్నది తేల్చేది ఇల్లే. తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను కాబట్టి, నాకు పదేపదే వినిపించే మాటలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శ్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంది, రెండు కార్లు హాయిగా పడతాయి.

వాస్తవం: లెక్క వేసి చూడండి. స్విఫ్ట్ ఎత్తు సుమారు 1,530 మిల్లీమీటర్లు, అంటే 5 అడుగులు. కింద ఒకటి, పైన ఒకటి పెడితే 10 అడుగులూ అక్కడే అయిపోయాయి. పై కారును మోసే ప్లాట్‌ఫారం మందం 5 అంగుళాలు అనుకుందాం. కింది కారు కప్పుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య 4 అంగుళాలు, పై కారు కప్పుకూ శ్లాబుకూ మధ్య మరో 4 అంగుళాలు వదలాలి. మొత్తం 11 అడుగుల 1 అంగుళం. కింద ఇన్నోవా క్రిస్టా పెట్టాలంటే దాని ఎత్తే దాదాపు 5 అడుగుల 11 అంగుళాలు. అప్పుడు 12 అడుగులు కావాలి.

ఆ ఎత్తును శ్లాబు వరకు కొలిచి సంతోషపడితే లాభం లేదు. దూలం ఒక అడుగు కిందికి దిగి ఉంటుంది. షట్టరు ఉంటే అది చుట్టుకునే డబ్బా గుమ్మం పైన మరో అడుగు, అడుగున్నర తినేస్తుంది. ఫ్యాను, ట్యూబ్‌లైటు, పై అంతస్తు స్నానాలగది నుంచి వచ్చే గొట్టం, అన్నీ లెక్కలోకి వస్తాయి. బైరాగిపట్టెడలో ఒక ఇంటాయన శ్లాబు 11 అడుగుల 6 అంగుళాలు ఉందని కొలిచి, ఎవరికో బయానా కూడా ఇచ్చేశారు. నేను వెళ్లి చూస్తే పై కారు కప్పు రావాల్సిన చోటే ఒక మురుగు గొట్టం 9 అంగుళాలు వేలాడుతోంది. గొట్టాన్ని మార్చాలంటే పై ఇంట్లో టైల్స్ పగలగొట్టాలి. చివరికి ముందుగా అనుకున్నదానికి ఎదురు దిశలో కారును ఎక్కించే ఏర్పాటు చేశాం. కప్పు కన్నా బానెట్ బాగా కిందికి ఉంటుంది కదా, గొట్టం సరిగ్గా దాని మీదికి వచ్చింది. దూలం అడ్డం వచ్చిన చాలా ఇళ్లలో ఈ మార్గమే పని చేసింది. కానీ ఇది లిఫ్టు కొనక ముందే తేలాలి.

కారును కూడా మీ టేపుతోనే కొలవండి. కప్పు మీది పట్టాలు, యాంటెన్నా కలిపి కొలవాలి. డిక్కీ తలుపు తెరిస్తే ఎంత పైకి లేస్తుందో చూడండి. కింది కారు డిక్కీ ప్లాట్‌ఫారానికి తగిలి గీతలు పడ్డాక బాధపడి ఏం లాభం?

అపోహ: ఎత్తు చాలకపోతే నేలను 2 అడుగులు తవ్వితే సరిపోతుంది.

వాస్తవం: మన ఊళ్లో ఈ పని చేయమంటే నేను ఒప్పుకోను. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. గుంతలో లిఫ్టు పెట్టిన ఒక ఇంటికి ఆ వానల తరువాత వెళ్లాను. నీళ్లు తోడేశాక అడుగున జానెడు ఎర్రటి బురద ఉంది. స్తంభాల పాదాలు, బోల్టులు, ప్లాట్‌ఫారాన్ని లాగే ఇనుప తీగల రోపు తిరిగే చక్రాలు అన్నీ అందులోనే కూరుకుపోయి ఉన్నాయి. ఆ రోపులను మళ్లీ నమ్మలేక అన్నీ మార్చాల్సి వచ్చింది. నీరు దానంతట అదే బయటికి పోయే వాలు ఉన్న స్థలంలో, ఇంజనీరు గీసిన పద్ధతిలో అయితే వేరే మాట. వీధి కన్నా పల్లంలో ఉన్న ఇంట్లో మాత్రం వద్దు.

అపోహ: నేల గట్టిగానే ఉంది, ఇన్నాళ్లుగా కారు నిలుపుతున్నాం కదా.

వాస్తవం: నేను ఎక్కువగా వాదించాల్సి వచ్చేది ఈ మాట దగ్గరే. నేల మీద నిలిపిన కారు బరువు నాలుగు టైర్ల మీద పంచుకుంటుంది. లిఫ్టు ఎక్కిన కారు బరువుకు లిఫ్టు సొంత బరువు తోడై, రెండూ కలిసి నాలుగు స్తంభాల పాదాల మీద పడతాయి. పైన 1,800 కిలోల కారు, లిఫ్టు మరో 700 కిలోలు అనుకుంటే మొత్తం 2,500 కిలోలు. ఒక్కో పాదం మీద సగటున 600 కిలోల పైమాటే, ఇంజను ఉన్న వైపు ఇంకా ఎక్కువ. ఆ పాదం పలక విస్తరాకు కన్నా చిన్నది. పైగా ప్లాట్‌ఫారం కదిలేటప్పుడు స్తంభం పక్కకు లాగుతుంది. ఆ లాగుడును ఆపేది కాంక్రీటులో దిగిన యాంకర్ బోల్టులే.

నాలుగు స్తంభాల లిఫ్టులకు తయారీదారులు సాధారణంగా అడిగేది కనీసం 4 అంగుళాల మందం, ఎం20 స్థాయి బలం ఉన్న కాంక్రీటు. రెండు స్తంభాల వాటికి ఇంకా ఎక్కువ కావాలి. మన ఇళ్ల పార్కింగ్‌లో మట్టి నింపి, పైన పలుచగా పీసీసీ, అంటే కడ్డీలు లేని కాంక్రీటు వేసి, ఇసుక సిమెంటు పరిచి టైల్స్ అతికిస్తారు. అందుకే లిఫ్టు మాట ఎత్తక ముందు స్తంభం వచ్చే చోట ఒక టైల్ తీయించి, చిన్న రంధ్రం వేయిస్తాను. డ్రిల్లు దిగుతుంటే మొదట బూడిద రంగు పొడి వస్తుంది, చెయ్యి అదురుతుంది. రెండున్నర, మూడు అంగుళాలు దిగేసరికి ఆ అదురు ఒక్కసారిగా ఆగిపోతుంది. బిట్టు బయటికి తీస్తే దాని గాడుల నిండా తడి ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. అది చూశాక ఇంటివాళ్లకు నేను వేరే ఏమీ చెప్పనక్కర్లేదు.

అలాంటి నేలలో స్తంభాల చోట పాతదంతా తీసేసి, మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, కడ్డీల జాలీతో కొత్త కాంక్రీటు వేయాలి. మందం ఎంతో ఇంజనీరే చెప్పాలి. కాంక్రీటు లెక్కగట్టిన బలానికి రావడానికి 28 రోజులు పడుతుంది. "మంచి ముహూర్తం ఉంది, పది రోజుల్లో బిగించండి" అని అడిగేవారుంటారు. ముహూర్తానికి స్తంభాలకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టుకోవచ్చు, కారు మాత్రం ఆ రోజులు గడిచాకే ఎక్కాలి. టైల్స్ మీదే బోల్టులు బిగించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. టైల్ పగిలిన రోజు బోల్టు వదులవుతుంది.

పార్కింగ్ కింద సెల్లారు ఉంటే ఇంకా జాగ్రత్త. ఇంటి గదుల శ్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన డిజైను చేస్తారు. ఆ లెక్కతో వేసిన శ్లాబు మీద లిఫ్టు స్తంభాన్ని నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

అపోహ: హైడ్రాలిక్ నూనె ఒత్తిడే కారును పైన పట్టి ఉంచుతుంది.

వాస్తవం: నూనె కారును లేపుతుంది. పట్టి ఉంచాల్సింది ఇనుప లాకులు. సీలు అరిగితే నూనె మెల్లగా జారుతుంది, తెల్లారేసరికి ప్లాట్‌ఫారం ఒక వైపు దిగి ఉండవచ్చు. అందుకే కావలసిన ఎత్తు దాటి కొద్దిగా పైకి లేపి, మళ్లీ దించి లాకుల మీద కూర్చోబెట్టాలి. పైకి వెళ్లేటప్పుడు లాకులు మెట్టు మెట్టుకూ టక్కుమంటాయి. నాలుగు స్తంభాల దగ్గరా ఆ చప్పుడు వినండి. ఒక మూల మౌనంగా ఉంటే వెంటనే ఆపి, దించి, చూడండి. లాకుల మీదికి దించాక కూడా ఒకసారి చుట్టూ తిరిగి నాలుగు లాకులూ కూర్చున్నాయో లేదో కళ్లతో చూడాలి. అప్పటిదాకా పిల్లలు, పెంపుడు కుక్కలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

అపోహ: కరెంటు పోయినా మీట నొక్కితే దిగిపోతుంది.

వాస్తవం: సగం నిజం. దించే వాల్వు చేత్తో తిప్పితే నూనె వెనక్కి వెళ్లి ప్లాట్‌ఫారం దిగుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు. కానీ లాకుల మీద కూర్చున్న ప్లాట్‌ఫారాన్ని దించాలంటే ముందు ఒకటి రెండు అంగుళాలు పైకి లేపాలి. అప్పుడే లాకు విడుస్తుంది. లేపడానికి మోటారు తిరగాలి. ఇది అమ్మేటప్పుడు చాలామంది చెప్పరు. తెల్లవారుజామున యాత్రికులను అలిపిరికి చేర్చాల్సిన బండి పైన ఇరుక్కుపోతే ఆ కంగారు ఎలా ఉంటుందో ట్రావెల్స్ నడిపేవాళ్లకు తెలుసు. మోటారు తిరగకపోయినా నూనెను నెట్టి లేపే చేతిపంపు అమర్చే వీలున్న నమూనా తీసుకోండి. పొద్దున్నే వెళ్లాల్సిన కారును ముందు రోజు రాత్రే కింద పెట్టుకోండి. ఎలాగూ పై కారు దిగాలంటే కింది కారు బయటికి రావాల్సిందే, రెండింటి తాళాలూ ఇంట్లోనే ఉండాలి.

అపోహ: త్రీఫేజ్ లేనిదే లిఫ్టు నడవదు.

వాస్తవం: ఇళ్ల కోసం చేసే లిఫ్టుల్లో సింగిల్ ఫేజ్ మీద నడిచేవి కూడా దొరుకుతాయి. వాటి మోటారు సుమారు 3 హార్స్‌పవర్ ఉంటుంది. మీ మీటరుకు మంజూరైన లోడు చాలుతుందో లేదో చూసుకుని, విడిగా వైరు, ఎంసీబీ, మంచి ఎర్త్ పెట్టించండి.

అపోహ: మెకానిక్ షెడ్డులో వాడే రెండు స్తంభాల లిఫ్టు పాతది చవకగా దొరికితే చాలు.

వాస్తవం: అది కారును అడుగున చేతులతో పట్టి లేపుతుంది, చక్రాలు గాలిలో వేలాడతాయి. మరమ్మతుకు అది కావాలి. నెలల తరబడి నిలపడానికి కారు తన టైర్ల మీదే నిలబడాలి. పైగా మధ్యలో ఏమీ లేకపోవడంతో పై కారు నుంచి కారే నూనె, వాన నీళ్లు సూటిగా కింది కారు మీద పడతాయి. ప్లాట్‌ఫారం ఉన్నా, చక్రాలు నిలిచే రెండు పలకల మధ్య ఖాళీలో తట్టలు పెట్టించుకోవాలి.

బరువు గురించి కూడా ఒక మాట. ఈ రోజు ఉన్న కారును బట్టి లిఫ్టు సామర్థ్యం ఎంచుకోకండి. బ్యాటరీ కార్లు అదే పరిమాణంలో ఉన్న పెట్రోలు కార్ల కన్నా బరువు ఎక్కువ, రేపు మీరు కొనేది అదే కావచ్చు.

అపోహ: ఈశాన్యంలో బరువు వద్దంటారు, బిగించాక చూసుకుందాం.

వాస్తవం: వాస్తు తేల్చడం నా పని కాదు, ఇంటివాళ్ల నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. అందుకే పెద్దవాళ్లను అడిగి నిర్ణయం మొదటి రోజే చెప్పమంటాను. కరకంబాడి రోడ్డులో ఒక ఇంట్లో అంతా బిగించాక అమ్మమ్మగారు ఊరి నుంచి వచ్చి అభ్యంతరం చెప్పారు. స్తంభాలను 4 అడుగులు జరపాల్సి వచ్చింది. పాత పునాది కొత్త చోటికి పనికిరాదు. కొత్త పునాది, మళ్లీ 28 రోజులు.

అపోహ: ఒకసారి బిగిస్తే ఇక చూడాల్సిన పని లేదు.

వాస్తవం: కొత్త లిఫ్టు బోల్టులను మొదటి నెల చివర టార్క్ రెంచితో, అంటే బిగువును కొలిచే పానాతో మళ్లీ బిగించాలి. తరువాత నెలకోసారి ఒక పాత నూలు గుడ్డ తీసుకుని, ప్లాట్‌ఫారం ఖాళీగా కింద ఉన్నప్పుడు, మోటారు ఆపేసి, రోపు పొడవునా మెల్లగా జరపండి. ఉత్త చేత్తో వద్దు, కోసుకుపోతుంది. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ పోగు దానికి చిక్కుకుంటుంది. చిక్కిన చోట సుద్దముక్కతో గీత గీసి, పై కారు ఎక్కించకుండా నాకు ఫోను చేయండి.