ఫోను మార్చాక మెసేజీలు ఆగిపోతే: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు ట్రంకు రోడ్డులోని మా మొబైల్ దుకాణానికి ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కు, ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు మారేవారు తరచుగా వస్తుంటారు. మారాక కాల్స్ వస్తాయి, నెట్ పనిచేస్తుంది, కొందరి మెసేజీలు మాత్రం ఆగిపోతాయి. కారణం తెలియక అనవసరంగా సిమ్ మార్చుకుంటున్నవారిని, బాగున్న ఫోనును నష్టానికి అమ్ముకుంటున్నవారిని చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: సిమ్ తీసి కొత్త ఫోనులో వేస్తే మెసేజీలన్నీ దాని వెంటే వస్తాయి.

వాస్తవం: సిమ్ వెంట వచ్చేవి కాల్స్, మామూలు ఎస్ఎమ్మెస్‌లు మాత్రమే. యాపిల్ 2011లో తన సొంత మెసేజీ సేవ అయిన ఐమెసేజ్‌ను తెచ్చినప్పటి నుంచి, ఒక ఐఫోను నుంచి మరో ఐఫోనుకు వెళ్లే మెసేజీ టెలికాం కంపెనీ ద్వారా కాక, ఇంటర్నెట్ మీదుగా యాపిల్ సర్వర్ల గుండా వెళుతుంది. మీ నంబరు అక్కడ నమోదై ఉన్నంతకాలం అవతలివారి ఐఫోను మీ దగ్గర ఇంకా ఐఫోనే ఉందనుకుని అదే దారిలో పంపుతుంది. సిమ్ ఆండ్రాయిడ్‌లోకి మారిన సంగతి ఆ సర్వరుకు మనమే తెలియజేయాలి.

కావలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన విషయంలో ఇదే జరిగింది. అమెరికాలో ఉన్న కొడుకు కొనిచ్చిన ఐఫోనును ఆయన మనవరాలికి ఇచ్చి, తాను ఆండ్రాయిడ్ తీసుకున్నారు. కొడుకు పంపిన మెసేజీలు ఐమెసేజ్‌కు గుర్తయిన నీలిరంగులోనే వెళ్లాయి, వాటి కింద ‘డెలివర్డ్’ అని కూడా కనిపించింది. ఎందుకంటే ఆయన యాపిల్ ఖాతా పాత ఫోనులో అలాగే ఉంది, ఆ ఫోను మనవరాలి ఇంట్లో వైఫైకి కలిసి ఉంది, మెసేజీలన్నీ అక్కడికే చేరుతున్నాయి. నాన్న చూసి కూడా జవాబు ఇవ్వడం లేదని కొడుకు, వాడికి మేము గుర్తులేమని తండ్రి ఒకరి మీద ఒకరు మనసు కష్టపెట్టుకున్నారు. ఒక సెట్టింగు వల్ల కుటుంబంలో ఇంత దూరం రావడం నన్ను చాలా బాధపెట్టింది.

చేయవలసిన పని చిన్నదే. సిమ్ తీయకముందే పాత ఐఫోను సెట్టింగ్స్‌లో ఐమెసేజ్‌ను, యాపిల్ వీడియో కాల్ సేవ అయిన ఫేస్‌టైమ్‌ను ఆపివేయాలి. ఫోనును ఇంకొకరికి ఇచ్చేటట్లయితే యాపిల్ ఖాతా నుంచి కూడా బయటికి రావాలి. పాత ఫోను ఇప్పటికే చేయి దాటిపోతే, యాపిల్ 2014 నవంబరులో ప్రారంభించిన వెబ్ పేజీలో మీ నంబరు ఇచ్చి, ఎస్ఎమ్మెస్‌గా వచ్చే ఆరంకెల కోడును నమోదు చేస్తే నంబరు ఐమెసేజ్ నుంచి తొలగిపోతుంది. అవతలివారి ఫోనులో ఆ మార్పు కనిపించడానికి కొంత సమయం పట్టవచ్చు. అప్పటివరకు వెళ్లని మెసేజీని నొక్కి పట్టుకుని, మామూలు టెక్స్ట్ మెసేజీగా పంపమని వారికి చెప్పండి.

అపోహ: ఓటీపీలు రాకపోవడానికి కూడా ఐమెసేజే కారణం.

వాస్తవం: కాదు. బ్యాంకు ఓటీపీ మామూలు ఎస్ఎమ్మెస్‌గానే వస్తుంది, దానికి ఐమెసేజ్‌తో సంబంధం లేదు. ఫోనుతోపాటు సిమ్‌ను కూడా మార్చారేమో ముందు చూసుకోండి. డూప్లికేట్ సిమ్ తీసుకుని ఖాతాలు ఖాళీ చేసే మోసాలను అడ్డుకోవడానికి, సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఎస్ఎమ్మెస్ సౌకర్యాన్ని నిలిపివేయాలని టెలికాం శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది. కాబట్టి ఇందుకూరుపేట, అల్లూరు వైపు నుంచి వచ్చే రొయ్యల రైతులకు నేను చెప్పేది ఒకటే: మేత డబ్బు కట్టవలసిన రోజున సిమ్ మార్చుకోవద్దు.

అపోహ: ఈ చిక్కంతా ఐఫోనుదే, ఆండ్రాయిడ్‌లో ఉండదు.

వాస్తవం: ఆండ్రాయిడ్‌లోని గూగుల్ మెసేజెస్ యాప్‌లో, ఇంటర్నెట్ మీదుగా మెసేజీలు పంపే ఆర్‌సీఎస్ చాట్ కూడా నంబరును ఇలాగే నమోదు చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ వదిలి ఐఫోనుకో కీప్యాడ్ ఫోనుకో వెళ్లేవారు దాన్ని ముందే ఆపివేయాలి. మరిచిపోయినవారి కోసం గూగుల్ కూడా ఒక వెబ్ పేజీ ఉంచింది.

అపోహ: తెలుగు మెసేజీలు ముక్కలుగా వస్తే కొత్త ఫోనులో లోపం ఉన్నట్టే.

వాస్తవం: ఒక ఎస్ఎమ్మెస్‌లో పట్టేది 140 బైట్లే. ఇంగ్లిషు అక్షరాలైతే 160 వస్తాయి, తెలుగైతే 70 సంకేతాలు మాత్రమే. పైగా గుణింతపు గుర్తులు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. మూడు అక్షరాలుగా కనిపించే ‘నెల్లూరు’ అన్న ఒక్క మాటకే ఎనిమిది సంకేతాలు ఖర్చవుతాయి. పొడవైన మెసేజీని పంపేవారి ఫోనే ముక్కలు చేసి పంపుతుంది, అవి చేరాక అందుకున్న ఫోను తిరిగి కలుపుతుంది, ఒక ముక్క ఆలస్యమైతే మాట మధ్యలో తెగుతుంది. ఐమెసేజ్‌లో ఈ హద్దు లేదు కనుక, ఇన్నాళ్లూ నీలిరంగులో వచ్చిన పొడవైన మెసేజీలు మామూలు ఎస్ఎమ్మెస్‌గా మారినప్పుడే ఈ తేడా బయటపడుతుంది.

అపోహ: వాట్సాప్ చాట్‌లు గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి, ఐఫోనులో లాగిన్ అయితే వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. డ్రైవ్‌లోని బ్యాకప్‌ను ఐఫోను తీసుకోలేదు, యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన ఐక్లౌడ్‌లోని బ్యాకప్‌ను ఆండ్రాయిడ్ తీసుకోలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు చాట్‌లను తరలించడానికి 2022 నుంచి ‘మూవ్ టు ఐఓఎస్’ యాప్‌లో వీలుంది. అయితే కొత్త ఐఫోనును మొదటిసారి సిద్ధం చేసేటప్పుడే, అదే నంబరుతో ఆ పని చేయాలి. మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఐఫోనును ముందే వాడటం మొదలుపెట్టి, ఫొటోలు కూడా తీసుకున్నాక అడుగుతారు. అప్పుడు దాన్ని పూర్తిగా చెరిపి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. అందువల్ల కొత్త ఫోను పెట్టె విప్పేటప్పుడు పాత ఫోను చార్జింగుతో పక్కనే ఉండాలి, చాట్‌లు వచ్చాయని కళ్లారా చూసుకునేదాకా అందులోని వాట్సాప్‌ను తొలగించకూడదు.