ఆఫీసు ఒక్కటి, దరఖాస్తులు 238

2017 సెప్టెంబర్ 7న అమెజాన్ ఒక ప్రకటన చేసింది. సియాటిల్‌లోని ప్రధాన కార్యాలయానికి సాటిగా రెండోది కడతామని, దానిమీద 500 కోట్ల డాలర్లు పెడతామని, 50 వేల దాకా ఉద్యోగాలు వస్తాయని చెప్పింది. పది లక్షలు దాటిన జనాభా, అందుబాటులో అంతర్జాతీయ విమానాశ్రయం, మంచి ప్రజా రవాణా ఉన్న ప్రాంతాలు అక్టోబర్ 19లోగా ముందుకు రావాలంది. ఏమేం రాయితీలిస్తారో కూడా రాసి పంపమంది. ఆరు వారాల్లో ఉత్తర అమెరికా నలుమూలల నుంచి 238 ప్రతిపాదనలు వచ్చి పడ్డాయి.

కంపెనీల కోసం ఖజానా తెరవడం అమెరికాలో అప్పటికే ఎనభై ఏళ్ల అలవాటు. 1936లో, మహామాంద్యం రోజుల్లో, మిసిసిపీ గవర్నర్ హ్యూ వైట్ హయాంలో ఒక చట్టం వచ్చింది. ఊళ్లు బాండ్లు అమ్మి, ఆ డబ్బుతో ఫ్యాక్టరీలు కట్టి, బయటి కంపెనీలకు అప్పగించవచ్చు. పత్తి మీదే బతికే పేద రాష్ట్రం అది, దాని తహతహ అర్థం చేసుకోదగ్గదే. తర్వాత మిగతా దక్షిణాది రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 1993లో మెర్సిడెస్ ఫ్యాక్టరీ కోసం, 1,500 ఉద్యోగాల కోసం, అలబామా 25 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది.

ఫ్యాక్టరీ అయితే బిగించిన యంత్రాలను పీకి మరోచోటికి తీసుకెళ్లడం అంత తేలిక కాదు. ప్రధాన కార్యాలయానికి ఆ బంధం లేదు. 2001లో బోయింగ్ సియాటిల్‌ను వదిలేస్తానని ప్రకటించి చికాగో, డాలస్, డెన్వర్‌ల మధ్య పోటీ పెట్టింది. సుమారు 6 కోట్ల డాలర్ల రాయితీలతో చికాగో గెలిచింది. దానికి దక్కింది సుమారు 500 ఉద్యోగాలు. 2022లో ఆ కార్యాలయం వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు తరలుతున్నట్టు ప్రకటన వచ్చింది.

ఈ చరిత్ర తెలిసి కూడా 2017లో నగరాలు కంపెనీ ముందు పోటీపడి మరీ దిగివచ్చాయి. జార్జియాలోని స్టోన్‌క్రెస్ట్ తన భూమిలో 345 ఎకరాలు విడదీసి, దానికి అమెజాన్ అని పేరు పెడతానంది. న్యూజెర్సీ రాష్ట్రం, అక్కడి నెవార్క్ నగరం కలిసి 700 కోట్ల డాలర్లు, మేరీలాండ్ 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. శాన్ ఆంటోనియో మాత్రం కళ్లు మూసుకుని ఉన్నదంతా ధారపోయడం తమ పద్ధతి కాదని ఉత్తరం రాసి పక్కకు తప్పుకుంది. ఆ ఉత్తరం మీద నాకు గౌరవం ఉంది.

డబ్బుకంటే నన్ను బాధించేది గోప్యత. మామూలు వేలంలో ఎదుటివాడి పాట చెవిన పడుతుంది. ఇక్కడ అన్ని పాటలూ విన్నది కంపెనీ ఒక్కటే. చాలా నగరాలు తామేం ఇవ్వజూపాయో సొంత పౌరులకే చెప్పలేదు. అక్కడ ఏ భూములు ఖాళీగా ఉన్నాయో, ఏ విద్యార్థులు ఏం చదువుతున్నారో, ఏ పన్ను తగ్గించడానికి ఎవరు సిద్ధమో, ఆ సమాచారమంతా ఒకే కంపెనీ చేతికి చేరింది.

2018 జనవరిలో జాబితా 20కి తగ్గింది. నవంబర్ 13న విజేతలను ప్రకటించారు. ఒకటి అనుకున్నది రెండుగా చీలింది. న్యూయార్క్‌లోని లాంగ్ ఐలండ్ సిటీకి 25 వేల ఉద్యోగాలు, ఆర్లింగ్టన్‌కు 25 వేలు. ఒకటి దేశ ఆర్థిక రాజధాని, మరొకటి దేశ రాజధానిని ఆనుకుని ఉన్న ప్రాంతం. కోట్లు గుమ్మరిస్తామన్న నెవార్క్‌కు ఏమీ రాలేదు. మంచి ఇంజినీర్లు దొరికే చోటికే కంపెనీ వెళ్లింది. అదే అమెజాన్ 2019 ఆగస్టులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో 15 వేల మందికి సరిపడే సొంత క్యాంపస్ తెరిచింది, అలాంటి బహిరంగ పోటీ ఏదీ పెట్టకుండానే.

న్యూయార్క్ ఒప్పందం మూడు నెలలు నిలిచింది. రాష్ట్రమూ నగరమూ కలిపి దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలిస్తామన్నాయి. గవర్నర్ ఆండ్రూ క్యూమో, మేయర్ బిల్ డి బ్లాజియో నగర మండలి ఓటు అవసరం లేని దారిలో దాన్ని నడిపించబోయారు. అద్దెలు, రైళ్ల రద్దీ, కార్మిక సంఘం ఊసెత్తితేనే కంపెనీ ముఖం తిప్పుకోవడం, ఇవన్నీ లాంగ్ ఐలండ్ సిటీ ఉన్న క్వీన్స్ ప్రాంతపు జనం నోట వచ్చాయి. ప్రాజెక్టును ఆపగల రాష్ట్ర బోర్డుకు, దాన్ని గట్టిగా వ్యతిరేకించిన రాష్ట్ర సెనేటర్ మైఖేల్ జియానారిస్ పేరు ప్రతిపాదించారు. 2019 ఫిబ్రవరి 14న అమెజాన్ వెనక్కి తగ్గింది.

ఆర్లింగ్టన్ కథ వేరు. అక్కడి క్రిస్టల్ సిటీ నుంచి 2005 తర్వాత రక్షణ శాఖ కార్యాలయాలు వేలాది ఉద్యోగాలతో తరలిపోయాయి. భవనాలు ఖాళీగా, మెట్రో స్టేషన్ పక్కనే ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రం ఒక్కో ఉద్యోగానికి 48 వేల డాలర్లు ఇస్తానంటే వర్జీనియా 22 వేలే ఇస్తానంది. దాంతోపాటు కంప్యూటర్ చదువులకూ అలెగ్జాండ్రియాలో వర్జీనియా టెక్ కొత్త క్యాంపస్‌కూ నిధులు పెడతానంది. ఆ క్యాంపస్ ఇప్పుడు నడుస్తోంది, అందులో చదివినవాళ్లు ఏ కంపెనీకైనా వెళ్లొచ్చు. కంపెనీకిచ్చే సొమ్ము మాత్రం ఉద్యోగం వచ్చాకే. ఆర్లింగ్టన్ స్థానిక ప్రభుత్వమైన కౌంటీ వాటాను హోటల్ గదుల పన్నులో పెరుగుదలకు ముడిపెట్టారు.

2023 జూన్‌లో మొదటి దశ భవనాలు తెరుచుకునేసరికి అక్కడ దాదాపు 8 వేల మంది ఉన్నారు. అంతకు మూడు నెలల ముందే రెండో దశ పెన్‌ప్లేస్ పనులను అమెజాన్ వాయిదా వేసింది. రాని ఉద్యోగాలకు వర్జీనియా పైసా కట్టనక్కర్లేదు. కోవిడ్‌లో హోటల్ పన్ను పడిపోవడంతో మొదటి సంవత్సరాల్లో కౌంటీ కూడా ఏమీ చెల్లించలేదు.