వానపాములూ వాటి చుట్టాలూ: మిద్దెతోట వాళ్ళు అడిగే అపోహలు - వాస్తవాలు

నేను డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, ఇంట్లో మేడ మీద వర్మీ బెడ్ (వానపాములతో ఎరువు చేసే మడి) కూడా ఉంది, అందుకని జూన్‌లో హైదరాబాద్‌లో మొదటి వాన పడిందంటే చాలు, వాట్సాప్ నిండా ఫోటోలే, "సార్ ఇదేం పురుగు, చంపాలా ఉంచాలా" అని. సగం ఫోటోల్లో ఉన్నవి అసలు వానపాములే కావు.

అపోహ: కంపోస్ట్ డబ్బాలో తెల్లగా దారప్పోగుల్లా ఉన్నవి వానపాము పిల్లలు.

కాదండి. వాటిని పాట్‌వార్మ్స్ అంటారు. ఇవీ అనెలిడాలోవే, అంటే ఒళ్ళంతా ఉంగరాల్లాంటి ఖండితాలుండే పురుగుల వర్గం, వానపాముకి చుట్టాలే, కానీ ఎంత పెరిగినా ఒకట్రెండు సెంటీమీటర్లు, ఎప్పటికీ తెలుపే. వానపాము పిల్ల కూడా గుడ్డుతిత్తిలోంచి వచ్చినప్పుడు పాలిపోయే ఉంటుంది, కాకపోతే భూతద్దం పెట్టి చూస్తే ఒంటి పొడవునా సన్నటి ఎర్రగీత కనిపిస్తుంది, అది రక్తనాళం. పాట్‌వార్మ్‌కి మామూలుగా ఆ గీత ఉండదు. ఇవి గుంపులుగా పెరిగాయంటే డబ్బాలో తడి, పులుపు ఎక్కువైనట్టు, నిమ్మతొక్కలూ మిగిలిన సాంబారూ పడేసే ఇళ్ళలో చూస్తుంటాను. ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు కలిపి మూత కాస్త తెరిచి ఉంచండి, మందు మాత్రం కొట్టొద్దు, వానపాములు కూడా పోతాయి.

అదే డబ్బాలో లావుగా, గట్టిగా, గోధుమరంగులో ఉండేవి బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు, అంటే ఈగజాతి. బాత్రూం జాలీ దగ్గర పాకే సన్నటి నల్లవి కూడా చాలావరకు డ్రెయిన్ ఫ్లై పిల్లలే. అక్వేరియం షాపులో ఇచ్చే ట్యూబిఫెక్స్ అనెలిడా, పక్కనే ప్యాకెట్లో ఉండే బ్లడ్‌వార్మ్ దోమలాంటి కీటకం లార్వా, రెండూ ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ వల్లే.

మరి రోకలిబండకి కూడా ఒంటినిండా ఖండితాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కీళ్ళున్న కాళ్ళు కూడా ఉన్నాయి, అది ఆర్థ్రోపోడా, అంటే కీటకాలూ పీతలూ ఉండే వర్గం. మేం చదువుకున్నప్పుడు ఈ రెండు వర్గాలూ అన్నదమ్ముల్లా దగ్గరివని చెప్పేవాళ్ళు, 1997 తర్వాత డీఎన్ఏ ఆధారాలతో ఆ లెక్క మారింది, వానపాముకి రోకలిబండ కన్నా నత్త దగ్గర చుట్టం. నమ్మబుద్ధి కాదు గానీ సముద్రపు అనెలిడ్ లార్వానీ ఆల్చిప్ప లార్వానీ మైక్రోస్కోప్ కింద చూస్తే పోలిక తెలుస్తుంది.

అపోహ: పారతో రెండు ముక్కలైతే రెండు వానపాములవుతాయి.

తోకముక్క కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది, ఖండితానికో నాడీగ్రంథి (నాడీకణాల ముద్ద) ఉంటుంది కాబట్టి, అంతే, తర్వాత చచ్చిపోతుంది. తల వైపు తగినంత మిగిలితే కొన్ని రకాల్లో తోక మళ్ళీ వస్తుంది. ముక్కముక్కా పూర్తి జీవి అయ్యే అనెలిడ్లు లేకపోలేదు, లంబ్రిక్యులస్ అలాంటిదే, అది నీళ్ళలో ఉండేది, మీ కుండీలోది కాదు.

అపోహ: ఏ వానపామైనా వర్మీకంపోస్ట్ చేస్తుంది.

ఊర్నుంచి పొలంలో ఎర్రలు తవ్వి తెచ్చి పేడలో వేస్తారు, వారం తిరిగేసరికి ఒక్కటీ ఉండదు, మోసపోయామంటారు. మట్టి తింటూ లోపల బొరియల్లో బతికేవాటికి వట్టి పేడ ఏం చేసుకోను? బెడ్‌కి కావాల్సింది పైపైన, కుళ్ళే చెత్తలో బతికే రకాలు: ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్, లేదంటే ఐసీనియా ఫెటిడా. నా ఓటు యూడ్రిలస్‌కే, మన ఉక్కపోత దానికి పర్వాలేదు, ఐసీనియా చల్లటి దేశాల నుంచి వచ్చింది. మే నెల మేడ ఎండకి మాత్రం ఏదీ ఆగదు, షేడ్‌నెట్, పైన తడి గోనెసంచి తప్పనిసరి.

ఒక వానపాముని పట్టుకుని పొడి న్యూస్‌పేపర్ మీద వదిలి చెవి దగ్గర పెట్టండి, సన్నగా గీరుతున్న చప్పుడొస్తుంది. ఒంటిమీది శూకాల (బిరుసు వెంట్రుకల్లాంటివి) చప్పుడది, నేలని పట్టుకుని పాకేది వాటితోనే. తర్వాత తడి చేసి వదిలేయండి పాపం, ఊపిరి చర్మంతోనే కదా.

అపోహ: వానపాముల్ని ముట్టుకుంటే పిల్లలకి కడుపులో పాములొస్తాయి.

ఏలికపాములు నెమటోడ్లు, అంటే వేరే వర్గం పురుగులు, వాటికి ఖండితాలే ఉండవు. అవి వచ్చేది మనుషుల మలం కలిసిన మట్టిలోని గుడ్ల వల్ల. మట్టిలో ఆడాక చేతులు కడగాలన్నది మాత్రం నిజమే.

ఇక అనెలిడా అంటే వానపాము, జలగ, అయిపోయింది అనుకునేవాళ్ళు. 20,000 పైచిలుకు జాతులున్నాయి, చాలావరకు సముద్రంలోనే. 1977లో గాలపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి ఊటల పక్కన దొరికిన రిఫ్టియా అనే అనెలిడ్ మనిషి కన్నా పొడుగు పెరుగుతుంది, పెద్దదయ్యాక నోరూ పేగూ ఉండవు, ఒంట్లో ఉన్న బ్యాక్టీరియానే దాన్ని పోషిస్తుంది.

అపోహ: జలగలన్నీ రక్తం తాగేవే, అంటితే ఉప్పు వేయాలి.

నత్తల్నీ పురుగుల్నీ తినే జలగలున్నాయి. రక్తం తాగేవాటి ఉమ్మిలో హిరుడిన్ అనే పదార్థం ఉంటుంది, అది రక్తం గడ్డకట్టనివ్వదు, యునానీలో జలగ వైద్యం ఉంది సరే, అమెరికాలో కూడా 2004లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. కూర్గ్ ట్రెక్‌కెళ్ళే మన ఐటీ పిల్లలు ఉప్పు ప్యాకెట్ జేబులో వేసుకుంటారు, ఉప్పేస్తే ఊడుతుంది గానీ ఊడేటప్పుడు కడుపులోది గాయంలో కక్కొచ్చు. సన్నగా ఉన్న కొస నోరు, అక్కడ గోరు జొనిపి పక్కకి జరపండి, తర్వాత రెండో కొస వదిలించండి. రక్తం కాసేపు కారుతూనే ఉంటుంది, కంగారు పడకుండా సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకోండి.