పిల్లల చేతివణుకు, విల్సన్ జబ్బు: అపోహలు - వాస్తవాలు

ఒంగోల్లో నరాల డాక్టరుగా చేస్తున్నాను. పుట్టుకతో జీన్స్‌లో వచ్చే నరాల జబ్బుల్లో మందున్నవి చాలా తక్కువ, వాటిల్లో ఒంట్లో రాగి పేరుకుపోయే ఈ విల్సన్ ఒకటి, అందుకే ఇది ఆలస్యంగా బయటపడిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: గాలి సోకింది, లేదంటే పరీక్షల భయం

ఇంటర్ చదివే అబ్బాయిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. సంచిలోంచి రెండు నోటుబుక్కులు తీసి బల్ల మీద పెట్టింది, తొమ్మిదో తరగతిదొకటి, ఇప్పటిదొకటి. పాతదాంట్లో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కొత్తదాంట్లో గీత దాటి కిందకి జారిపోయి చదవడానికే రావట్లా. "మాట ముద్దగా వస్తా ఉంది సార్, నోట్లోంచి చొంగ, ఊరికే కోపం, అంత్రాలు కూడా కట్టించినాం" అనింది. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో, అంటే కంటిని పెద్దగా చేసి చూపించే లైటు మిషన్‌తో చూస్తే నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ, పచ్చ రంగులు కలిసిన ఉంగరం. అది రాగి. ఏటీపీ7బీ అనే జీన్ పాడైతే లివర్ మిగులు రాగిని పైత్యరసంలోకి పంపలేదు, అది ముందు లివర్లో, తర్వాత మెదడులో కదలికల్ని అదుపు చేసే చోట పేరుకుంటుంది. నరాల దాకా వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ ఈ ఉంగరం ఉంటుంది.

అపోహ: ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల, రాగి చెంబు వల్ల

కనిగిరి వైపు వాళ్ళు ఫ్లోరైడ్ అంటే నేను తప్పు పట్టను, ఆ నీళ్ళకి నడుములు వంగిపోయినవాళ్ళని కళ్ళారా చూసినోళ్ళు వాళ్ళు. కానీ ఫ్లోరైడ్ ఎముకల్ని, కీళ్ళని పట్టుకుంటుంది, చేతిరాతని మార్చదు. రాగి చెంబు వల్ల కూడా ఈ జబ్బు రాదు, అయితే జబ్బు తేలాక మాత్రం చెంబు పక్కన పెట్టాలి, మొదటి ఏడాదన్నా రొయ్యలు, పీతలు, లివరు, జీడిపప్పు మానాలి. నెల్లూరోళ్ళకి రొయ్యలు మానమంటే కష్టమే, తెలుసు.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు

అమ్మానాన్నలిద్దరిలో ఆ జీన్‌ది చెరొక పాడైన కాపీ దాగి ఉంటుంది, వాళ్ళకేమీ కాదు. ప్రతి కాన్పులో ఆ రెండూ బిడ్డకి చేరి జబ్బొచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో ఎక్కువ, బయటి సంబంధాల్లోనూ వస్తుంది. కాబట్టి ఒక బిడ్డకి తేలితే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ సెరులోప్లాస్మిన్ (రక్తంలో రాగిని మోసే ప్రొటీను పరీక్ష), 24 గంటల యూరిన్ కాపర్ (ఒక రోజు యూరిన్‌లో పోయే రాగి లెక్క), కంటి పరీక్ష చేయించాల్సిందే, ఒంట్లో బాగున్నా సరే. వణుకు రాకముందే పట్టుకుంటే రాకుండా ఆపొచ్చు.

అపోహ: తగ్గింది గదా, మాత్రలు ఆపొచ్చు

నాకు అన్నిటికన్నా భయం ఇదే. ఒంట్లోని రాగిని యూరిన్‌లో బయటికి పంపే పెనిసిలమిన్ మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో కొందరికి వణుకు పెరుగుతుంది, అందుకే తక్కువ డోసుతో మెల్లగా పెంచుతాం, అది చూసి మందు పడలేదని కొందరు మానేస్తారు, ఇంకొందరు బాగైందని మానేస్తారు. ఇవి జీవితాంతం వాడే మందులు. ఆపితే లివర్ ఉన్నట్టుండి ఫెయిలై ప్రాణం మీదికొస్తుంది. పెనిసిలమిన్ ఖాళీ కడుపున, తిండికి గంట ముందు, లేదా రెండు గంటల తర్వాత వేసుకోవాలి. వణుకు పెరిగినా, వాంతులైనా, చేతిలో డబ్బులు లేకపోయినా, మాత్ర ఆపేముందు డాక్టరుకి ఒక్క ఫోన్ చెయ్యండి, వేరే మందుకి మార్చే దారి ఉంది.