లెమేత్ర్ కొట్టివేసిన పేరా

చెన్నైలో వేపేరి, పెరంబూరు ప్రాంతాల తెలుగు క్రైస్తవ సంఘాల్లో యవ్వనస్థుల కూడికలకు వెళ్లేవారికి ఒక తరహా ప్రసంగం బాగా పరిచయం. దేవుడు శూన్యంపైన భూమిని వేలాడదీశాడని యోబు గ్రంథం 26వ అధ్యాయంలో ఉంది కనుక శాస్త్రజ్ఞులు ఎంతో ఆలస్యంగా తెలుసుకున్న సంగతి బైబిల్లో ముందే ఉందనీ, ఆదికాండం మొదటి వచనమే బిగ్ బ్యాంగ్ (విశ్వారంభపు మహావిస్ఫోటం) అనీ ప్రసంగీకులు వివరిస్తారు. ఇంజనీరింగ్ చదివే పిల్లల విశ్వాసం చెదరకూడదన్న ఆరాటంతోనే వారలా చెబుతారని నాకు తెలుసు. అయినా ఆ పద్ధతి విశ్వాసానికీ విజ్ఞానానికీ కూడా చేటు చేస్తుందని ఒక విశ్వాసిగానే చెప్పదలిచాను.

అదే యోబు గ్రంథం 9వ అధ్యాయంలో భూమికి స్తంభాలున్నట్టూ, దేవుడు వాటిని అదరగొడుతున్నట్టూ ఉంటుంది. ఒక వచనాన్ని భౌతికశాస్త్రంగా చదివి, రెండోదాన్ని అలంకారమని దాటవేయడం న్యాయం కాదు. సృష్టికర్త మహిమ ముందు మనిషి ఎంత అల్పుడో చెప్పే కావ్యభాషే రెండుచోట్లా ఉన్నది. ఐదో శతాబ్దపు తొలినాళ్లలోనే క్రైస్తవ వేదాంతి అగస్టీన్ ఆదికాండంపై రాసిన వ్యాఖ్యానంలో ఈ విషయమై గట్టిగా హెచ్చరించాడు. నక్షత్రాల గమనం గురించీ, గ్రహణాల గురించీ అవిశ్వాసులకు సైతం పరిశీలన వల్ల తెలిసిన సంగతుల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పు మాట్లాడితే, పునరుత్థానం గురించి అదే లేఖనం చెప్పేదాన్ని వారెలా నమ్ముతారని ఆయన ఆవేదన.

బిగ్ బ్యాంగ్ ఆలోచనకు మూలపురుషుడు ఒక క్రైస్తవ గురువే. బెల్జియంకు చెందిన జార్జ్ లెమేత్ర్ 1923లో క్యాథలిక్ గురువుగా అభిషేకం పొంది, ఆ వెంటనే కేంబ్రిడ్జిలో ఖగోళశాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ దగ్గర ఖగోళశాస్త్రం చదివాడు. విశ్వం స్థిరంగా ఉంటుందని ఐన్‌స్టీన్ కూడా అనుకుంటున్న రోజుల్లో, ఐన్‌స్టీన్ సమీకరణాల ప్రకారమే అది విస్తరిస్తూ ఉండగలదని 1927లో చూపించాడు. దూరపు గెలాక్సీల కాంతి ఎరుపు వైపు జరిగి కనిపించడానికి కారణం, ఆ కాంతి మన దాకా ప్రయాణించే కాలంలో అంతరిక్షమే సాగడమని, అందువల్ల కాంతి తరంగాలు కూడా సాగుతాయని వివరించాడు. కాలంలో వెనక్కి పోతూ ఉంటే విశ్వంలోని శక్తి అంతా ఒక్కచోట ఇమిడి ఉన్న ఆరంభం తేలుతుందని 1931లో 'నేచర్' పత్రికకు చిన్న లేఖ రాశాడు.

ఆ లేఖ టైపు ప్రతి చివర ఇంకో పేరా ఉండేది. దేవుడు స్వభావరీత్యా మరుగైనవాడనీ, నేటి భౌతికశాస్త్రం సృష్టిని కప్పే తెరను సమకూర్చడం చూసి విశ్వాసి సంతోషించవచ్చుననీ అందులో రాశాడు. ఆ పేరాను తానే కొట్టివేశాడు. అందులోని భావాన్ని ఆయన నమ్మలేదనుకోవడానికి వీల్లేదు, చివరిదాకా గురువుగానే జీవించాడు. నా దృష్టిలో, ఆ వాక్యాలకు భౌతికశాస్త్ర పత్రంలో చోటు లేదని గ్రహించడమే ఆయన గొప్పతనం.

1951 నవంబరులో పోప్ పన్నెండవ పయస్ తన ప్రసంగంలో ఈ కొత్త ఖగోళశాస్త్రాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపినప్పుడు లెమేత్ర్ ఇబ్బంది పడ్డాడు. అందుకు బలమైన కారణమే ఉంది. గెలాక్సీలు ఎంత వేగంగా దూరమవుతున్నాయో ఖగోళశాస్త్రజ్ఞుడు హబుల్ అప్పట్లో కొలిచిన లెక్కల నుంచి నేరుగా చూస్తే విశ్వం వయసు సుమారు 200 కోట్ల సంవత్సరాలని తేలేది, శిలల లెక్కల ప్రకారం భూమి వయసు మాత్రం 300 కోట్లు దాటుతోంది! తల్లికంటే బిడ్డ పెద్దదైనట్టున్న ఆ లెక్కకు విశ్వాసాన్ని ముడివేస్తే, కొలత మారిన ప్రతిసారీ దేవుణ్ణి కూడా సవరించవలసి వస్తుంది. తరువాత గెలాక్సీల దూరాల కొలతలు సరిదిద్దబడ్డాయి, నేటి అంచనా సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉంటుందని 1958లో కూడా లెమేత్ర్ స్పష్టంగా చెప్పాడు.

అయితే దీనితో చిక్కులన్నీ తీరవు. విశ్వారంభం మన నుంచి దూరంగా ఉంటుంది, పరిణామ సిద్ధాంతం మన ఒంటిలోకే వస్తుంది. చాలా క్షీరదాలు తమ శరీరంలోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. ఆ పనికి కావలసిన ఒక జన్యువు మనలో పాడైపోయి ఉంది, అది కోతుల్లోనూ చింపాంజీ వంటి తోకలేని వానరాల్లోనూ అలాగే పాడై ఉంది. ఉమ్మడి పూర్వీకుల నుంచి వచ్చిందనడం తప్ప దీనికి ఇంత తేలికైన వివరణ మరొకటి నాకు కనిపించదు. మనిషి జన్యుక్రమాన్ని చదివిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ దృఢమైన క్రైస్తవ విశ్వాసి, పరిణామాన్ని నిస్సంకోచంగా అంగీకరిస్తాడు. మరి ఆదాము పతనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది వేదాంతులు ఓపికగా తేల్చవలసిన ప్రశ్న. దాన్ని ప్రయోగశాల తేల్చదు. అలాగని జీవశాస్త్రం చదివే అమ్మాయిని ఆ ప్రశ్న అడగవద్దని నోరు మూయించడం కూడా తగదు.

లెమేత్ర్ నిగ్రహం వంటిదానికి చెన్నైలోనే మరో ఉదాహరణ ఉంది. ప్రసిద్ధ గణితవేత్త ఎలీ కార్టాన్ వద్ద గణితం చదివిన, జెస్యూట్ (యేసు సభ) సంఘానికి చెందిన ఫ్రెంచి గురువు చార్లెస్ రసీన్, 1937లో భారతదేశానికి వచ్చి, తరువాత నుంగంబాక్కంలోని లయోలా కళాశాలలో ఏళ్ల తరబడి బోధించాడు. ఆధునిక ఫ్రెంచి గణితాన్ని ఇక్కడి విద్యార్థులకు పరిచయం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. ప్రసిద్ధ గణితవేత్తలు ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఆయన శిష్యులే. అవకలన సమీకరణాల వైపు ఆయన ప్రభావంతో మళ్లిన మీనాక్షిసుందరం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా పనిచేశాడు. ఒక వస్తువు ఆకారానికీ అది కంపించే పౌనఃపున్యాలకూ గల సంబంధాన్ని గురించి 1949లో ఆయన స్వీడన్ గణితవేత్త ప్లేయెల్‌తో కలిసి రాసిన పత్రం నేటికీ గణితవేత్తలకు అవసరమవుతోంది. ఆ శిష్యుల్లో చాలామంది హిందువులు. వారికి రసీన్ ఇచ్చినది గణితమే, అది కూడా కల్తీ లేని గణితం.