ఎండలో పెట్టకూడని అప్పడం

బరంపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "తాతగారి మంగలికత్తి, దాన్ని సాపు చేసుకునే తోలుపట్టీ నా వంతుకు వచ్చాయి. చుట్టచుట్టి బీరువాలో పెట్టాను. ఆగస్టులో తీసి చూస్తే పట్టీ మీద తెల్లటి బూజు. ఎండలో పెట్టొచ్చా?"

వద్దండీ. ఆ పని నేను చేసి అనుభవించాను. మాది పర్లాకిమిడి. మూడేళ్ల కిందట ఒకసారి ఐదు రోజులు ముసురు పట్టింది. ఎండ రాగానే, మెత్తబడ్డ పట్టీని డాబా మీద, మా ఆవిడ అప్పడాలు ఆరేసిన చాప మీదే ఓ మూల పరిచాను. సాయంత్రానికి అప్పడాలు భేషుగ్గా ఉన్నాయి. పట్టీ అంచులు మాత్రం దోనెలా పైకి లేచాయి. చదును చేద్దామని నొక్కితే మధ్యలో సన్నగా చిట్లింది. మా వీధి చివర క్షౌరం చేసే పెద్దాయనకు చూపిస్తే తల పట్టుకున్నారు. "ఎండబెట్టీసినారేటి బాబూ, ఇదేటి అప్పడమా?"

ఆయన తిట్టిందే నాకు పాఠమైంది. ఎందుకంటే తోలు సగం దాకా అప్పడమే.

డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో అప్పడం ఏమవుతుంది? విరవబోతే విరగదు, వంగుతుంది. గాలిలోని ఆవిరి లోపలికి దూరి, బిగుసుకుపోయిన అణువుల గొలుసులను ఒకదాని మీద ఒకటి జారనిస్తుంది. తోలులో ఆ గొలుసు కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు పోగులు మూడు పాయల జడలా మెలితిరిగి ఉంటాయి. ఈ జడను 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కనిపెట్టారు. జడ పొడవునా ఉన్న కొన్ని అణుగుంపులకు (కార్బొనైల్, అమైడ్) నీటి అణువులు హైడ్రోజన్ బంధాలనే తేలికపాటి ముడులతో అంటుకుంటాయి. నీరు పెరిగేకొద్దీ, గాజులా ఉన్న పదార్థం రబ్బరులా మారే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది. పొడిగా కనిపించే మామూలు తోలులో కూడా బరువులో ఎనిమిదో వంతు దాకా నీరే ఉంటుంది. ముసురులో అది ఇంకా పెరుగుతుంది.

అయితే ఏం, మెత్తగా ఉంటే కత్తికి మంచిదేగా అనిపిస్తుంది. కాదు. బాగా నూరిన కత్తి అంచు మందం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు. గడ్డం వెంట్రుక సుమారు 100 మైక్రాన్లు. కత్తి వీపూ అంచూ రెండూ తోలుకు ఆనేలా పడుకోబెట్టి, వీపు ముందు నడవగా అంచు వెనక వచ్చేలా లాగుతాం (తిరగేసి లాగితే పట్టీ తెగుతుంది, అంతే సంగతి). పట్టీ గట్టిగా, బిగువుగా ఉంటే అంచు దాని మీద జారిపోతుంది. మెత్తబడ్డ తోలు అంచు కింద నొక్కుకుపోయి, అంచు దాటగానే పైకి ఉబుకుతుంది. ఆ ఉబుకే అంచును చుట్టుకుని గుండ్రం చేస్తుంది. పట్టీని వదులుగా పట్టుకున్నా, కత్తిని అదిమి లాగినా జరిగేది ఇదే. పదును పెట్టబోయి మొండి చేయడమన్నమాట.

అంచుకు అసలు ఈ తంటా ఎందుకంటే, 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద షేవింగ్ బ్లేడును చూశారు. వెంట్రుక ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా అది వంగుతూ అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం ఒకే తీరుగా లేని చోట చిన్న చిన్న పెళ్లలు ఊడొస్తాయి. మా ఊరు కొమ్ము బొమ్మలకు పేరు కదా, నా కత్తి పిడి కూడా కొమ్మే. కొమ్ములో ఉన్నదీ కెరాటిన్ అనే ప్రోటీనే, గడ్డంలో ఉన్నదీ కెరాటినే. ఆ కత్తి తన పిడి జాతినే కోస్తూ వచ్చిందని తెలిసిన రోజు నాకు నవ్వాగలేదు.

ఇప్పుడు మిగతా సగం. మెత్తబడ్డ అప్పడం ఎండితే మళ్లీ అప్పడమే. తోలు అలా కాదు. నీరు గబగబా వెళ్లిపోతే, ఖాళీ అయిన చోట పోగూ పోగూ నేరుగా అతుక్కుని అట్టకట్టుకుపోతాయి. దీన్ని ఆపడానికే పచ్చి తోలును కరక్కాయ, తంగేడు పట్ట లాంటి వాటిలోని టానిన్లనే వగరు పదార్థాలతో శుద్ధి చేస్తారు (తోలు ఊనడం అంటే ఇదే). టానిన్ వెళ్లి జడల మధ్య కూర్చుంటుంది. తోలు శాస్త్రంలో ప్రపంచానికి తెలిసిన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రు వారే.

టానిన్ తర్వాత నూనె. అప్పడాలు ఒత్తేవాళ్లు పిండి అంటుకోకుండా చేతికి నూనె రాసుకుంటారే, తోలు పోగుల మధ్య నూనె చేసేది అదే. అవిసె నూనె వద్దు, గాలికి గట్టిపడి పొర కడుతుంది. ఆముదం అలా గట్టిపడదు. ఏడాదికి రెండు మూడు చుక్కలు గుడ్డకు అద్ది రుద్దితే చాలు. ఎక్కువైతే ముసురు పట్టిన పట్టీయే మళ్లీ. బూట్ పాలిష్ మైనం, రంగు కలిసిన సరుకు, దాని జోలికి పోవద్దు.

"అరచేత్తో రుద్దు, చేతి నూనె పడుతుంది" అని పాతవాళ్లు అంటారు. అరచేతిలో నూనె గ్రంథులే లేవు! చేతికి ఉన్న నూనె మొహం నుంచో తల నుంచో వచ్చిందే. అయినా రుద్దడం మంచిదే. ఆ రాపిడికి లేచిన నూగు పడుకుంటుంది. మంగళవారం కత్తి ముట్టకూడదంటారు, ఆ నమ్మకంతో పట్టీకి నష్టమేమీ లేదు. పిరమిడ్ కింద పెడితే బ్లేడు దానంతటదే పదునెక్కుతుందని 1959లో చెకొస్లొవాకియాలో ఒకాయన పేటెంటే సంపాదించాడు. ఆ అట్ట పిరమిడ్ కొనకండి.

ఇక మీ బూజు. పట్టీని ఆరుబయటకు తీసుకెళ్లి పొడిగుడ్డతో తుడవండి, ఇంట్లో దులిపితే బీజాలు ఇల్లంతా చేరతాయి. తర్వాత స్పిరిట్ కొద్దిగా అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, నీడలో ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు వేలాడదీయండి. బీరువాలోకి, ప్లాస్టిక్ కవర్లోకి మళ్లీ వద్దు. గాలిలో తేమ 70 శాతం దాటి చాలా రోజులు నిలిస్తే బూజు తిరిగొస్తుంది, మన తీరంలో వానాకాలమంతా అదే కదా. చుట్టకుండా, తలుపు వెనక మేకుకు నిలువుగా వేలాడనివ్వండి. చిన్న గాటు ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్ది సమం చేయండి. లోతుగా తెగితే మాత్రం ఆ పట్టీ పని అయిపోయినట్టే.

ఆరిందో లేదో చెవికే తెలుస్తుంది. చెమ్మ పట్టీ మీద కత్తి మొద్దుగా, పట్టిపట్టి కదులుతుంది. ఆరిన పట్టీ మీద సర్రుమంటుంది. పెద్దాయన నా కొత్త పట్టీ మీద నాలుగుసార్లు లాగి, ఐదోసారి ఆగి, "ఇంకో పూట ఉంచండి బాబూ" అని తిరిగి మేకుకు తగిలించేశారు.