నేత్రదానం అపోహలు: ఆ కార్డు మా బీరువాలోనే ఉండిపోయింది

పోయిన నెల శ్రీకాకుళంలోనే ఒక ఇంట్లో పెదకర్మ భోజనానికి వెళ్లాను. పోయినాయన నాకు పాతికేళ్ల స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా ఆయన పిల్లలు నన్ను మావయ్యా అనే పిలుస్తారు. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే పెద్దబ్బాయి వెనకే వచ్చాడు. "మావయ్యా, నాన్న మీ క్లబ్బులో కళ్లు రాసిచ్చారు కదా, మరి ఆ రోజు తియ్యడానికి ఎవరూ రాలేదేటి?" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం చెంప ఛెళ్లుమంది.

ఆయన తెల్లవారుజామున పోయారు. ఆ రోజు నేను విజయనగరంలో ఒక పెళ్లిలో ఉన్నాను. కబురు అందేసరికి సాయంత్రమైంది. ఆయన సంతకం పెట్టిన నేత్రదానం కార్డు ఫారం మా క్లబ్బు బీరువాలో, నాలుగేళ్ల కిందటి కట్టలో, దారం కట్టి భద్రంగా ఉంది. కళ్లు నాగావళి ఒడ్డున కాలిపోయాయి.

నేను డాక్టర్ని కాను, పాలకొండ రోడ్డులో కొట్టు పెట్టుకున్నవాణ్ని. మా ఊరి సేవా క్లబ్బులో చేరి పందొమ్మిదేళ్లయింది. అందులో పదకొండేళ్లుగా నేత్రదానం కమిటీ నా మెడకే చుట్టారు. ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోతే, దానమిచ్చిన కళ్లు సేకరించి భద్రపరిచే ఐ బ్యాంకు వాళ్లకు ఫోన్ చెయ్యడం, టెక్నీషియన్‌ను ఆ ఇంటికి చేర్చడం, కాగితాల మీద సంతకాలు పెట్టించడం, అడ్డుపడే బంధువులకు సర్దిచెప్పడం నా పని. ఇన్నేళ్లలో కళ్లు ఇవ్వనన్నవాళ్ల వల్ల పోయిన కళ్లు తక్కువే. ఇద్దామనుకున్నవాళ్ల ఇళ్లలోనే ఎక్కువ పోయాయి.

అపోహ: కార్డు రాసిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

ఎవరు చూసుకుంటారండీ? మనిషి పోయాడని ఏ కంప్యూటరూ మాకు చెప్పదు. కార్డు దానంతటదే మోగదు. పోయినాయన లేచి ఫోన్ చెయ్యలేడు. ఇంట్లో వాళ్లలో ఎవరో ఒకరు చెయ్యాలి, అదీ ఆరు గంటల్లోపు కళ్లు సేకరించేటంత ముందుగా చెయ్యాలి. టెక్నీషియన్ బయల్దేరి రావడానికి కూడా టైం పడుతుంది కాబట్టి మొదటి గంటలోనే ఫోన్ కొట్టండని చెబుతాను. ఏడుపుల మధ్య అది ఎంత కష్టమో నాకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు ఈ కమిటీ చైర్మన్నయిన నేనే గంటన్నర దాకా చేష్టలుడిగి కూర్చుంటే, మా ఆవిడ గుర్తు చేసింది.

దీనికి కవల అపోహ ఒకటుంది: "ఆయన కార్డు రాయలేదు కదా, ఇప్పుడెలా కుదురుతుంది?" బ్రహ్మాండంగా కుదురుతుంది. అవయవ మార్పిడి మీద 1994లో వచ్చిన చట్టమే ఆ వీలు ఇచ్చింది. బతికుండగా ఆయన వద్దని చెప్పకపోతే చాలు, భార్యో భర్తో పిల్లలో అంగీకార పత్రం మీద సంతకం పెట్టి ఇవ్వొచ్చు. సాక్షులుంటే సరి. అదే ఆయన పది కార్డులు రాసిచ్చినా, ఇంట్లోవాళ్లు వద్దంటే ఏ టెక్నీషియనూ చెయ్యి వెయ్యడు. నా చేతుల మీదుగా జరిగిన వాటిలో కార్డు ఉన్నవాళ్లకంటే లేనివాళ్లే ఎక్కువ. మరి కార్డు దేనికి అంటారా? ఇంటికి తీసుకెళ్లి భార్యకీ పిల్లలకీ చూపించి "నా కోరిక ఇది" అని చెప్పుకోడానికి. చెప్పకుండా పర్సులో దాచుకుంటే అది ఉత్త అట్టముక్క.

తప్పంతా జనానిది అనను. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా నేత్రదాన పక్షోత్సవాలు. ప్రతి ఏడాదీ ఆ పదిహేను రోజుల్లో కాలేజీలో ఒక మీటింగు, ఒక ఫ్లెక్సీ, ఎన్ని ఫారాలు నింపాం అన్న లెక్క. క్లబ్బులకి ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది, ప్రెసిడెంటు మారిపోతాడు. కొత్త ప్రెసిడెంటుకి పాత ప్రెసిడెంటు కంటే ఎక్కువ ఫారాలు కావాలి. పైనుంచి గవర్నరు గారు (రాష్ట్ర గవర్నరు కాదు, క్లబ్బులకి పై అధికారి) విజిట్‌కి వచ్చినప్పుడు చదివి వినిపించే రిపోర్టులో ఫారాల సంఖ్య ఉంటుంది గానీ, అందిన కళ్ల సంఖ్య ఎవరూ అడగరు. నేనూ ఆ స్టేజీ మీద శాలువా కప్పించుకున్నవాణ్నే. మా స్నేహితుడి ఫారం ఆ కట్టలోదే.

ఇక ఆరు గంటలే ఎందుకో చెప్పాలి, లేకపోతే ఇదేదో ఆఫీసు రూలు అనుకుంటారు. కంటి నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. అందులో రక్తనాళాలు ఉండవు. గాలి నుంచీ కన్నీటి నుంచీ ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే గుండె ఆగాక కూడా కొన్ని గంటలు బాగుంటుంది. ఆ తర్వాత మసకబారుతుంది. రక్తం లేదు కాబట్టే బ్లడ్ గ్రూపు కలవాలన్న పేచీ కూడా లేదు.

మన జిల్లాల్లో ఈ ఆరు గంటలకు అసలు శత్రువు మూఢనమ్మకం కాదు, వలస. కొడుకు చెన్నైలో, కూతురు హైదరాబాదులో, చిన్నోడు గల్ఫ్‌లో. "పిల్లలు రానీండి, అప్పుడు మాట్లాడదాం" అంటారు ఇంటి పెద్దలు. చెన్నై నుంచి కొడుకు ఆమదాలవలసలో రైలు దిగేసరికి మర్నాడవుతుంది. ఈలోగా ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తారు కాబట్టి తొందరేముందన్న ధీమా. బాబూ, గంటల లెక్క ప్రాణం పోయినప్పటి నుంచి, బాక్సు వచ్చినప్పటి నుంచి కాదు. కొడుకు చూడాల్సింది నాన్న ముఖం. ఆ ముఖం ఎక్కడికీ పోదు.

ముఖం అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. కళ్లు తీస్తే గుంటలు పడి భయంకరంగా కనిపిస్తుందని ఎవరు పుట్టించారో గానీ, వాట్సాప్‌లో ఆ పుకారుకి చావు లేదు. ఒక్కోసారి కార్నియా మాత్రమే తీస్తారు, ఒక్కోసారి కనుగుడ్డు తీసి ఆ చోట ప్లాస్టిక్ తొడుగు పెట్టి రెప్పలు మూస్తారు. పదిహేను ఇరవై నిమిషాల పని. నేను పక్కన నిలబడి ఎన్నిసార్లో చూశాను. బయటికొచ్చాక చూసినవాళ్లకి నిద్రపోతున్నట్టే ఉంటుంది. శవాన్ని ఎక్కడికీ తీసుకెళ్లక్కర్లేదు, దహనానికి ఆలస్యం కాదు.

నరసన్నపేట దాటి లోపలికి వెళ్తే ఒక ఊరు. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి అరుగు నిండా జనం. ఇద్దరు పెద్దమనుషులు "ఇదేటి పద్ధతి" అని గొణుగుతున్నారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో "ఇచ్చెయ్యమ్మా" అంటున్నాడు. వాళ్లమ్మ మాత్రం చాప మీంచి కదల్లేదు. నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా అడిగింది: "కళ్లు లేకుండా పంపేస్తే అక్కడ దారెలా కనిపిస్తాది బాబూ?"

ఇలాంటి ప్రశ్నకి చట్టం, కార్నియా అని మొదలెట్టేవాడు మూర్ఖుడు. "అమ్మా, కన్నప్ప కన్ను పీకి శివుడికి పెట్టేశాడు కదా, తర్వాతేటయింది?" అన్నాను. ఆవిడ కొంచెంసేపు ఆలోచించింది. "సివుడు మళ్లీ ఇచ్చేసేడు" అంది. ఆ మాట తనే అన్నాక వేలిముద్ర వెయ్యడానికి చెయ్యి చాపింది. గొణిగిన పెద్దమనుషుల్లో ఒకాయనే సాక్షి సంతకం పెట్టాడు. టెక్నీషియన్ లోపలికి వెళ్తుంటే "నొప్పెట్టకుండా తియ్యి నాయనా" అని వెనక నుంచి అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే వీటికి అంత సీను లేదు. కళ్లద్దాలున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, సుగరు, బీపీ ఉన్నా, ఎనభై దాటినా ఇవ్వొచ్చు. పనికొస్తాయో లేదో ఐ బ్యాంకు తేల్చుకుంటుంది, మీరు ముందే తీర్పు చెప్పెయ్యకండి. ఎయిడ్స్, హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్త క్యాన్సర్, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ ఉంటే తీసుకోరు. అందుకే కొంచెం రక్తం కూడా తీసి పరీక్షిస్తారు, దానికి కంగారుపడొద్దు. ప్రమాదంలో పోతే పోలీసుల అనుమతితో కుదురుతుంది. ఇచ్చిన కళ్లు అమ్ముకుంటారన్నది పచ్చి అబద్ధం, అమ్మినా కొన్నా జైలే. రెండు కార్నియాలు సాధారణంగా ఇద్దరికి వెళ్తాయి, ఎవరికన్నది చెప్పరు, అడిగి ఇబ్బందిపెట్టకండి. అన్నీ ఆపరేషన్‌కే పనికిరావు, కొన్ని డాక్టర్ల శిక్షణకీ పరిశోధనకీ వెళ్తాయి. ఈ సంగతి దాచిపెట్టడం నాకు నచ్చదు.

ఉద్దానం వైపు వెళ్తే మాత్రం ఒకటి నిదానంగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ల ఇళ్లలో "ఒంట్లో విషం నిండిపోయింది కదా, కళ్లెందుకు పనికొస్తాయి" అంటారు. కిడ్నీలు పోయినంత మాత్రాన కార్నియా పాడవదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లయితే హెపటైటిస్ ఉందేమోనని రక్త పరీక్షలో చూసుకుంటారు, అంతే. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలిసిపోయిన ఇళ్లవి. అక్కడ గట్టిగా అడగను. ఫోన్ నంబరు చెప్పి ఊరుకుంటాను.

ఇంకో వైపు నుంచి కూడా ఒక అపోహ ఉంది, దాన్ని తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. బొబ్బిలి దగ్గర్నుంచి ఒకాయన పుట్టుగుడ్డి కూతుర్ని చంకనేసుకుని మా కొట్టుకే వచ్చాడు. అరసవిల్లిలో మొక్కు తీర్చుకుని అటునుంచటే వచ్చాడట. "నా కన్నొకటి తీసి మా గుంటకి పెట్టించండి బాబూ" అన్నాడు. బతికున్న మనిషి కన్ను తీసుకోరు. పైగా మార్చేది కంటి ముందు పొరనే గానీ కన్ను మొత్తాన్ని కాదు. వరి నూర్పుల్లో గింజో ఊకో తగిలి పుండుపడి, ఆకు పసర్లు పోసుకుని కంట్లో పువ్వు వేసినవాళ్లకి కార్నియా మారిస్తే చూపొచ్చే వీలుంది. లోపలి నరమో, కంటి వెనక తెరలాంటి రెటీనానో దెబ్బతింటే ఎన్ని కళ్లు తెచ్చినా లాభం లేదు. ఆ పాపకి ఏ రకమో నేను చెప్పకూడదు కాబట్టి విశాఖలో పెద్ద కంటి ఆసుపత్రికి పంపాను. నరం సమస్యే అన్నారు. ఆయన మళ్లీ ఫోన్ చేసి, "పోన్లెండి, నా కళ్లు ఇంకెవరికైనా రాసుకోండి" అన్నాడు. ఫారం మాత్రం నింపలేదు, వాళ్లావిడకి ఫోన్ ఇమ్మని ఆవిడతో మాట్లాడాను.

క్లబ్బుల మీద ఉన్న అపోహల గురించి కూడా రాయమన్నారు మా సెక్రటరీ గారు. డబ్బున్నోళ్ల కాలక్షేపం, ఫ్యామిలీ నైట్‌లు, బిర్యానీలు, ఫొటోలు అంటారు. బిర్యానీ నిజమే. ఫొటోలూ నిజమే. 1925లో చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ అడిగిందని లయన్స్ వాళ్లు కంటి పని నెత్తినేసుకున్నారు, 1985 నుంచి రోటరీ వాళ్లు పోలియో వెంటపడ్డారు. మాలాంటి చిన్న ఊరి క్లబ్బులో ప్రెసిడెంటు ఎవరైతే ఆయనకి నచ్చిన పని. ఒకసారి ఒక ప్రెసిడెంటుగారు శవం పక్కన బ్యానరు కట్టించబోతే, ఆ ఇంటి ఆడపడుచు చీపురు తీసుకుంది. నేనైతే ఆవిడనేమీ అనలేదు. ఆ రోజు నుంచి చావింట్లో కెమెరా తియ్యకూడదని మా కమిటీలో రాసుకున్నాం. ఇప్పటికీ నన్ను తిట్టుకునేవాళ్లున్నారు.

ఫోన్ చేశాక టెక్నీషియన్ వచ్చేలోపు చెయ్యాల్సింది కొంచెమే. రెప్పలు మూసి, శుభ్రమైన నీళ్లలో తడిపిన దూది వాటి మీద పెట్టండి. తల కింద దిండు వేసి కాస్త ఎత్తుగా ఉంచండి. నెత్తి మీద ఫ్యాను ఆపేయండి, ఏసీ ఉంటే పర్వాలేదు. కాగితాలకు డాక్టరు రాసిన మరణ ధ్రువీకరణ దగ్గర పెట్టుకోండి. ఇంట్లో దగ్గరి మనిషి ఒకరు సంతకానికి అందుబాటులో ఉంటే చాలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లంతా ఒప్పుకోవాలని ఏమీ లేదు.

పెదకర్మ అయిన నాలుగో రోజున మా స్నేహితుడి భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, నాకు కార్డు పంపకండి. నంబరు చెప్పండి, రాసుకుంటాను" అంది. నిన్న అటువైపు వెళ్తూ ఆగాను. వంటింట్లో వేలాడుతున్న తెలుగు క్యాలెండరు మీద, పాల లెక్కలకీ గ్యాస్ బండ తేదీకీ మధ్యలో, మనవరాలి గుండ్రటి అక్షరాలతో నంబరు రాసి ఉంది. పక్కన "నానమ్మ కళ్లు" అని కూడా రాసింది. వచ్చే ఏడు క్యాలెండరు మార్చినప్పుడు కొత్త దాని మీద కూడా ఈ నంబరు రాయమని ఆ పిల్లకి చెప్పొచ్చాను.